దూలం, ఊత, పురి: బరువు మోసే మాటలకు, మెలి తిరిగే మాటలకు అర్థం తేల్చుకునే పద్ధతి

పాత కథ చదువుతున్నప్పుడో, ఊళ్లో పెద్దవాళ్ల మాటలు రాసుకుంటున్నప్పుడో, ఇంగ్లీషు నుంచి ఏదైనా అనువదిస్తున్నప్పుడో ఇంటి కప్పుకు, తాళ్లకు సంబంధించిన మాటలు ఎదురైతే చాలామంది వాటన్నిటినీ ఒకే గాటన కట్టేస్తారు. దూలమన్నా వాసమన్నా ఒక కర్ర అనీ, గుంజ అన్నా రాట అన్నా ఒక స్తంభమనీ, పురి అన్నా మెలి అన్నా తిప్పడమేననీ అనుకుని ముందుకు పోతారు. వాక్యం స్థూలంగా అర్థమవుతుంది కాబట్టి లోపం వెంటనే బయటపడదు. కానీ ఆ మాటలను తిరిగి వాడవలసి వచ్చినప్పుడు, లేదా వాటి మీద కట్టిన జాతీయాలను వివరించవలసి వచ్చినప్పుడు తడబాటు తప్పదు. ఈ మాటల విషయంలో అర్థాన్ని నిఘంటువులో వెతకడం కన్నా ముందు చేయవలసిన పని ఒకటి ఉంది. ఆ వస్తువు ఏ బరువును ఎటు మోస్తున్నదో, ఏ పోగును ఎటు తిప్పుతున్నదో కళ్లకు కట్టించుకోవాలి. ఆ పని జరిగిన తరువాత నిఘంటువు చెప్పేది సులభంగా తలకెక్కుతుంది.

ఇందుకు కొన్ని ప్రశ్నలు వేసుకోవాలి. మొదటిది, ఆ వస్తువు అడ్డంగా పడుకుని ఉన్నదా, నిలువుగా నిలబడి ఉన్నదా, వాలుగా ఉన్నదా. రెండవది, దాన్ని తీసేస్తే ఏది కూలుతుంది, లేదా ఏది విడిపోతుంది. మూడవది, వాక్యంలో ఆ మాట పక్కన ఏ క్రియ వచ్చింది. నాలుగవది, ఆ మాట బహువచనంలో, విభక్తి చేరినప్పుడు ఏ రూపం తీసుకుంటున్నది. మొదటి రెండూ వస్తువును పట్టిస్తాయి, తరువాతి రెండూ మాటను పట్టిస్తాయి.

ముందు ఇంటి కప్పు దగ్గర మొదలుపెట్టడం మేలు. గూనపెంకుల ఇంట్లోనో తాటాకింట్లోనో వెల్లకిలా పడుకుని పైకి చూస్తే సగం పాఠం అక్కడే అయిపోతుంది. ఒక గోడ నుంచి ఎదుటి గోడకు అడ్డంగా, లావుగా, ఒకటో రెండో మాత్రమే కనిపించే మాను దూలం. టేకు దూలమైనా తాటి దూలమైనా దానికి చేవ ఉండాలి, ఎందుకంటే కప్పు బరువులో పెద్ద వాటా దాని మీదనే పడుతుంది. కప్పు కొన నుంచి చూరు వైపు వాలుగా దిగుతూ, వరుసగా పరచినట్టు ఉండే సన్నటి కర్రలు వాసాలు. అవి అనేకం ఉంటాయి. ఒక వాసం పుచ్చిపోతే ఆ మేరకు పెంకులు కుంగుతాయి తప్ప ఇల్లు కూలదు, దూలం విరిగితే మాత్రం ఇంట్లో ఎవరూ ఉండకూడదు. రెండవ ప్రశ్న విలువ ఇక్కడ తెలుస్తుంది.

‘తిన్నింటి వాసాలు లెక్కపెట్టడం’ అనే జాతీయం అందరికీ తెలిసినదే. అందులో దూలం కాక వాసమే ఎందుకు వచ్చిందో పైన చూసినదాన్ని బట్టి ఊహించవచ్చు. లెక్కపెట్టడానికి వరుసలో అనేకం ఉన్నవి వాసాలే. విస్తరి ముందు కూర్చున్నవాడు తల పైకెత్తి వాటిని ఒక్కొక్కటిగా లెక్కిస్తున్నాడంటే ఆ ఇంటి ఆస్తిపాస్తుల మీద వాడి కన్ను పడిందన్నమాట. ఈ జాతీయాన్ని ఇంటి దూలాలతో చెబితే పస పోతుంది. బైబిలు తెలుగు అనువాదంలో ఎదుటివాడి కంటిలోని నలుసుకు పోటీగా వచ్చేది మాత్రం దూలమే, వాసం కాదు. అక్కడ కావలసింది సంఖ్య కాదు, పరిమాణం. జాతీయంలోని వస్తువును మార్చి చూసి, అది ఎందుకు పొసగడం లేదో అడగడం అర్థం తేల్చుకోవడానికి చక్కటి పరీక్ష.

కప్పు రెండు వాలులూ కలిసే కొనను కొప్పు అనీ నడికొప్పు అనీ అంటారు. ఆడవాళ్లు జుట్టును మెలితిప్పి చుట్టి ముడివేసేదీ కొప్పే. ఈ వ్యాసంలోని రెండు రకాల మాటలూ, అంటే బరువు మోసేవీ మెలి తిరిగేవీ, ఒకే అక్షరాలలో కలిసిన చోటు ఇదొక్కటే కావచ్చు. వాక్యంలో కొప్పు పక్కన ‘నేయించారు’, ‘కారుతున్నది’, ‘పెంకు లేచిపోయింది’ వంటి మాటలు ఉంటే ఇల్లు, ‘ముడిచింది’, ‘వీడింది’, ‘పూలు తురుముకున్నది’ వంటివి ఉంటే తల. క్రియను చూసి అర్థం తేల్చడం ఇంత తేలికగా మరే మాట దగ్గరా కుదరదు కాబట్టి అభ్యాసానికి దీనితో మొదలుపెట్టవచ్చు.

నిలువుగా నిలబడే వాటిలో తేడాలు ఇంకా సూక్ష్మమైనవి. పూరింటి నడుమ పాతి, నడికొప్పు బరువును మోసే పొడవాటి మానును నిట్రాడు లేదా నిట్టాడు అంటారు. గుంజ అన్నది అంత గొప్పది కాదు. పందిరికి నాలుగు మూలలా పాతేదీ, పశువును కట్టేసేదీ గుంజే. రాట కూడా పాతేదే, కానీ ఆ మాటకు శుభకార్యపు వాసన అంటుకుని ఉంది. పెళ్లికి ముందు పసుపు రాసి, కుంకుమ బొట్లు పెట్టి, మామిడాకులు కట్టి, నవధాన్యాలు వేసిన గుంటలో నిలబెట్టేది పందిరి రాట. ‘వాళ్లింట్లో రాట వేశారు’ అంటే పెళ్లి పనులు మొదలయ్యాయనే అర్థం. ఆ చోట ‘గుంజ వేశారు’ అంటే పశువుల కొట్టం గుర్తుకు వస్తుంది. స్తంభం సంస్కృతం నుంచి వచ్చిన మాట కనుక రాతి కట్టడాలకు, గుళ్లకు, గంభీరమైన సందర్భాలకు స్థిరపడింది. ధ్వజస్తంభం ఉన్నది కానీ ధ్వజగుంజ లేదు. హనుమకొండలో కాకతీయ రుద్రదేవుడు 1163లో కట్టించిన ఆలయం వేయిస్తంభాల గుడి. స్తంభమే కాలక్రమంలో నలిగి కంబం అయింది, ఖమ్మం పేరును స్తంభాద్రి కొండతో ముడిపెట్టి చెప్పడమూ పరిపాటి.

స్తంభం నుంచి పుట్టిన క్రియ మాత్రం మోయడాన్ని వదిలిపెట్టి కదలకపోవడాన్ని పట్టుకున్నది. ‘వర్షాలకు రాకపోకలు స్తంభించాయి’ అన్నప్పుడు స్తంభం దేన్నీ నిలబెట్టడం లేదు, నిలిపివేస్తున్నది. వస్తువుకు రెండు మూడు లక్షణాలు ఉన్నప్పుడు వాటిలో ఒక్కదాన్నే తీసుకుని మాట ముందుకు నడుస్తుంది. ఏ లక్షణం తీసుకున్నదో గుర్తించడమే లాక్షణికార్థాన్ని పట్టుకోవడం.

ఇక కట్టడపు పనుల దగ్గర ఈనాడు వినిపించే మాటలు వేరు. కాంక్రీటు ఇంటి మేస్త్రీ దూలాన్ని బీమ్ అంటాడు, స్తంభాన్ని పిల్లర్ అంటాడు. స్లాబు గట్టిపడేదాకా కింద నిలబెట్టే సెంట్రింగుకు ఇనుప జాకీలో సరుగుడు బాదులో వాడతాడు. ఈ మాటలను బలవంతంగా దూలం, స్తంభం అని మార్చి రాయవలసిన అవసరం లేదని నా అభిప్రాయం. కాంక్రీటు బీమ్‌ను దూలం అంటే చదివేవాడికి మాను కనిపిస్తుంది. హైదరాబాదులో మెహదీపట్నం నుంచి ఆరాంఘర్ వైపు 11.6 కిలోమీటర్ల మేర సాగి, 2009లో ప్రారంభమైన పీవీ నరసింహారావు ఎక్స్‌ప్రెస్‌వే కింద పిల్లర్ నంబరే చిరునామా అయింది. ‘ఫలానా పిల్లరు దగ్గర దిగండి’ అని కండక్టరు అన్నప్పుడు అక్కడ స్తంభం అనే మాటకు చోటు లేదు.

ఇప్పుడు నాలుగవ ప్రశ్న, అంటే రూపాల సంగతి. దీనికి కొంత నిదానం కావాలి కానీ ఫలితం ఖాయం. ‘దూలానికి చెదలు పట్టింది’ అన్నప్పుడు ‘దూలానికి’ అనే రూపం దూలం నుంచి వచ్చింది. ‘దూల తీరిపోయింది’ అన్నప్పుడు మాట దూల, అంటే దురద, ‘దూలకి’ అనే దాని విభక్తి రూపమే వేరు. వాసాలు అని బహువచనంలో ఉంటే ఇంటి కప్పే. వనవాసం, కారాగారవాసం వంటి చోట్ల వచ్చే వాసం నివసించడాన్ని చెప్పే సంస్కృత పదం, అది సాధారణంగా సమాసం చివర ఏకవచనంలోనే నిలుస్తుంది. గుంజ నామం, గుంజు క్రియ. ‘ఎద్దును గుంజకు కట్టి పలుపు గుంజాడు’ అనే వాక్యంలో రెండూ పక్కపక్కనే ఉన్నా ఒకటి కదలనిది, రెండవది కదిలించేది. లాగడం అనే అర్థంలో గుంజడం తెలంగాణలో నిత్యం వినిపిస్తుంది కాబట్టి అక్కడి కథలు చదివేటప్పుడు ఈ తేడాను మరింత శ్రద్ధగా చూడాలి. సరుగుడు బాదులు మోసే వస్తువులు, బాదుడు మోయలేనిది. రాట బహువచనం రాటలు. రాటు తేలడం, రాట్నం తిప్పడం వేరు మాటలు.

నిఘంటువును తెరిచేటప్పుడు ఒక చిన్న జాగ్రత్త అవసరం. పాత నిఘంటువులలో ‘అం’తో ముగిసే మాటలను ‘ము’తో చూడాలి. దూలం కోసం దూలము, వాసం కోసం వాసము, దండెం కోసం దండెము అని వెతకాలి. బహుజనపల్లి సీతారామాచార్యుల శబ్దరత్నాకరం 1885లో వెలువడింది, బ్రౌన్ దొర నిఘంటువు అంతకు ముప్పై ఏళ్లకు పైగా ముందరిది, కాబట్టి వాటిలో అరసున్నలు, బండి ఱలు ఉంటాయి. మాట దొరకకపోతే ‘ర’ బదులు ‘ఱ’ పెట్టి మరొకసారి చూడాలి. శబ్దరత్నాకరంలో మాట పక్కన ఉండే ‘దే.’, ‘సం.’, ‘వై.’ అనే పొడి అక్షరాలను దాటి పోకూడదు. అది దేశ్యమా, సంస్కృతమా, సంస్కృత ప్రాకృతాల నుంచి మారి వచ్చిన వైకృతమా అన్నది అవి చెబుతాయి. ఒకే అక్షరాల మాటకు రెండు పద్దులు ఉండి, ఒకదానికి ‘సం.’ అనీ మరొకదానికి ‘దే.’ అనీ ఉంటే అవి రెండు వేరు మాటలు, వాటి అర్థాలను కలిపి కథ అల్లకూడదు. ఆంధ్రభారతి వెబ్‌సైటులోని నిఘంటు శోధనలో పలు నిఘంటువులను ఒకేసారి చూడవచ్చు కనుక ఈ పోలిక ఇప్పుడు సులువైంది.

బరువు మోసేవాటిలో సాయంగా నిలిచేవి మరో రకం. దూలం, నిట్రాడు కట్టడంలో భాగాలు. ఊత, దన్ను మాత్రం కట్టడం ఒరుగుతున్నప్పుడు బయటి నుంచి పెట్టేవి. కాయలు విరగగాసిన కొమ్మకు కింద కర్ర పెడితే అది ఊత. ముసలాయన చేతిలో ఉన్నది ఊతకర్ర. ఊనడం అనే క్రియ ఇందులో వినిపిస్తుంది, అంటే కింద నేల మీద మోపి బరువును దాని మీదకు దింపుతున్నాం. దన్నులో వెనక నుంచో పక్క నుంచో ఆనించడం ఉంటుంది. అందుకే వెన్నుదన్ను ఉన్నది కానీ వెన్నూత లేదు, చేయూత ఉన్నది కానీ చేదన్ను లేదు. ఏది ఎక్కడ మోపారో చూస్తే ఈ జంటలు ఎందుకలా స్థిరపడ్డాయో తెలుస్తుంది.

ఊతం అనే రూపం పత్రికలకు బాగా అలవాటైంది. ‘వ్యవసాయానికి ఊతం’, ‘ఎగుమతులకు ఊతం’ అనే శీర్షికలు ఎన్నో చూస్తాం. ఊతం ఇచ్చేది పడిపోబోతున్నదానికి. అప్పటికే పరుగెత్తుతున్నదానికి ఊతం ఇచ్చారని రాస్తే కొంచెం ఎబ్బెట్టుగా ఉంటుంది, అక్కడ ఊపు అనవచ్చు. ఊతపదం మరీ సొగసైన మాట. మాట్లాడుతూ మాట్లాడుతూ మాట తోచక ‘అదేనండీ’, ‘ఏమంటారు’, ‘అంటే మరి’ అని కొందరు వేసుకునేది కర్ర వంటిదే, ఆ క్షణానికి వాక్యం పడిపోకుండా ఆపుతుంది. ఊతపదాన్ని నినాదం అనో మకుటం అనో వివరించడం సరికాదు.

ఆసరా హిందుస్తానీ నుంచి వచ్చిన మాటైనా తెలుగులో పూర్తిగా కలిసిపోయింది. తెలంగాణలో 2014లో మొదలైన పింఛన్ల పథకానికి పెట్టిన పేరు కూడా అదే. ఆసరాలో మోపడం కన్నా నీడ పట్టున నిలవడం ఎక్కువ. వాన వస్తే చెట్టును ఊతగా తీసుకోరు, ఆసరాగా తీసుకుంటారు. అండ మనుషులకు, అధికారానికి సంబంధించినది. ‘వాడికి పెద్దల అండ ఉంది’ అన్నప్పుడు ఎవరూ ఎవరినీ మోయడం లేదు, మోస్తారన్న ధీమా మాత్రం ఉంది. అండకూ అండానికీ సంబంధం లేదు. విభక్తి చేర్చి ‘అండకు’, ‘అండానికి’ అని చూస్తే ఆ భేదం చెవికే తెలుస్తుంది.

వెన్నుదన్నుకు ఎదురుమాట వెన్నుపోటు. రెండింటిలోనూ వెన్ను అనే చోటు ఒక్కటే, తగిలేది మారింది. పోటు దగ్గర మాత్రం కొంత ఆగాలి. గోరుచుట్టు మీద రోకటిపోటు దంపుడు దెబ్బ, గుండెపోటు లోపలి నొప్పి, ఆటుపోట్లలోని పోటు సముద్రపు నీరు పొంగడం, తిరుమలలో పోటు అంటే స్వామివారి ప్రసాదాలు తయారయ్యే వంటశాల. ఇన్ని అర్థాలు ఉన్న మాటను ఒంటరిగా పట్టుకుని అర్థం చెప్పబోవడం కన్నా, దాని ముందు ఏ మాట చేరిందో చూసి జంటగా రాసుకోవడం క్షేమం.

తిరగడం, మెలిపడడం గురించిన మాటలలోకి వెళ్లే ముందు ఒక్కసారి తాడు పేనడం చూడాలి. చూసే వీలు లేకపోతే నాలుగు కొబ్బరిపీచు పోగులో, జనపనార పోగులో తెచ్చుకుని స్వయంగా చేయాలి. కొన్ని పోగులను కలిపి తొడ మీద అరచేత్తో ఒక వైపు దొర్లిస్తే అవి బిగుసుకుని ఒకటవుతాయి. ఆ బిగింపే పురి. అలా పురి ఎక్కిన ఒక్కొక్క పాయ పేట. ఇప్పుడు రెండో మూడో పేటలను పక్కపక్కన పెట్టి, వాటికి ముందు ఎక్కిన పురికి ఎదురు దిక్కున తిప్పి కలపాలి. పేట తన పురిని విప్పుకోవాలని చూస్తుంది, తాడు తన పురిని విప్పుకోవాలని చూస్తుంది, ఇద్దరూ ఎదురెదురు దిక్కులకు లాగుతారు కనుక ఎవరూ విడిపోలేరు. ఈ పనంతా కలిపి పేనడం. రెండు పురులూ ఒకే దిక్కున తిప్పితే చెయ్యి వదిలిన మరుక్షణం తాడు గింగిరాలు తిరుగుతూ విచ్చుకుపోతుంది. పురి, పేట, పేనడం అనే మూడు మాటలకు నిఘంటువులలో అర్థాలు ఒకదానిలో ఒకటి కలిసిపోయినట్టు కనిపిస్తాయి, చేతులకు పీచు అంటుకున్న తరువాత అవి కలవవు.

ఈ దృశ్యం మనసులో ఉంటే మిగిలినవి తేలికగా విడిపోతాయి. పేట పాయ కాబట్టి మెడలోని గొలుసుకు ‘రెండు పేటలు’, ‘మూడు పేటలు’ అని లెక్క. మూడు పేటలు కలిస్తే ముప్పేట. పత్రికలలో ‘ముప్పేట దాడి’ అన్నప్పుడు మూడు వైపుల నుంచి వచ్చి ఒక్కటిగా బిగుసుకునే ఒత్తిడిని తాడు నుంచే తీసుకున్నారు. ముప్పిరిగొనడం కూడా ఇటువంటిదే. ఆనందం, ఆశ్చర్యం, దుఃఖం మూడూ కలగలిసి ఉక్కిరిబిక్కిరి చేసినప్పుడు వాడదగిన మాట అది, ఒకే ఒక్క భావానికి వాడితే మూడు పురులూ వృథా అవుతాయి. సూర్యాపేట, నరసరావుపేట, సిద్దిపేటలలోని పేట ఊరికి సంబంధించినది, పాయతో దానికి పని లేదు. పేను క్రియ అయితే ‘పేనాడు’, ‘పేనిన తాడు’ అని నడుస్తుంది, తలలో ఉండే పేను బహువచనంలో ‘పేలు’ అవుతుంది. పెనవేసుకోవడం, పెనగులాడడం మెలి తిరిగే గుంపులోవే. పెనుగాలిలోని ‘పెను’ పెద్దదనాన్ని చెప్పే వేరు మాట, అట్లు పోసే పెనం మరొకటి.

పురి విషయంలో మరికాస్త జాగ్రత్త కావాలి. పురికొస సన్నటి తాడు. కోస్తాలో ధాన్యం నిలవకు గడ్డితాళ్లు చుట్టి కట్టేదీ పురే. నెమలి పురి విప్పింది అన్నప్పుడు పురి దాని పింఛం. పుణ్యక్షేత్రాల పేర్ల చివర వచ్చే పురి సంస్కృతపు పట్టణం. పురికొల్పడం అంటే రెచ్చగొట్టడం. ఈ చివరిదాన్ని ‘మనసుకు పురి ఎక్కించడం’ అని విడగొట్టి చెప్పే ఉబలాటం చాలామందికి ఉంటుంది. వినడానికి బాగుంటుంది, కానీ రూపం కలిసినంత మాత్రాన మూలం కలిసిందని నిర్ణయించరాదు. ఇటువంటి చోట క్రియలను మాత్రం జాబితా రాసుకోవాలి: పురి ఎక్కించడం తాడుకు, పురి విప్పడం నెమలికి, పురి కట్టడం ధాన్యానికి. అంతవరకు రాస్తే అబద్ధం చెప్పినట్టు కాదు.

నులి సంగతి ఇంకా చమత్కారమైనది. నులక మంచానికి అల్లేది మెలిపెట్టి పేనిన సన్నటి తాడు, నవారు మంచానికి అల్లేది మెలి లేని వెడల్పాటి పట్టీ. గొంతు నులమడం, కళ్లు నులుముకోవడం వేళ్లతో నొక్కి తిప్పడం. కడుపులో నులిపెట్టడం నొప్పి తీరు. ఫిబ్రవరి 10న బడులలో పిల్లలకు మాత్రలు వేసే కార్యక్రమం వల్ల నులిపురుగు అనే మాట అందరి నోటా ఉంది. ఇవన్నీ చూసిన కన్నుతో ‘నులివెచ్చని ఎండ’ దగ్గరికి వచ్చి అక్కడా మెలి వెతికితే మాత్రం దారి తప్పినట్టే. అక్కడ నులి అంటే కొంచెం.

మెలి అన్నిటికన్నా విస్తారంగా వాడుకలో ఉంది. మీసం మెలివేయడం దర్పం, చెవి మెలిపెట్టడం శిక్ష, చెయ్యి మెలితిప్పడం దౌర్జన్యం, సిగ్గుతో మెలికలు తిరగడం ముద్దు, ఒప్పందంలో మెలిక పెట్టడం జాణతనం. చేసేది ఒకటే అయినా ఏ అవయవానికి చేశారన్నదాన్ని బట్టి భావం మారింది. మెలకువ నిద్ర లేచిన స్థితి, మెళకువ పనిలోని నేర్పు, ఈ రెండింటిలోనూ మెలిక లేదు. మడతపేచీలోని పేచీ కూడా మెలికే అనుకోవచ్చు, ఫారసీ నుంచి వచ్చిన ‘పేచ్’కు మెలి అనే అర్థం. సంక్రాంతి నాడు హైదరాబాదు మేడల మీద రెండు గాలిపటాల దారాలు పెనవేసుకుంటే ‘పేంచ్ పడింది’ అని అరిచే పిల్లలు ఆ అర్థాన్ని ఇప్పటికీ గాలిలో నిలిపి ఉంచారు.

వడి, సుడి గురించి క్లుప్తంగా చెప్పుకోవచ్చు. నూలుకు ఎక్కే మెలి వడి, వేగమూ వడే, ‘గా’ చేరి వడిగా అయితే నిస్సందేహంగా వేగం. తెలంగాణలో ఆడపడుచుకు పోసే వడిబియ్యం ఒడికి సంబంధించినవి. నూలు వడకడం ఈనాటికీ శ్రీకాకుళం జిల్లా పొందూరులో చూడవచ్చు. అక్కడ పత్తిని వాలుగ చేప దవడతో దువ్వి, రాట్నం మీద సన్నటి నూలు తీస్తారు. పాత పద్యాలలో వడకడం అంటే వణకడం కూడా కాబట్టి ‘గడగడ’ వంటి మాట పక్కన ఉంటే అక్కడ రాట్నం లేదని గ్రహించాలి. సుడి నీళ్లలోనూ గాలిలోనూ నడినెత్తి మీదా ఉంటుంది, ‘వాడి సుడి బాగుంది’ అన్నప్పుడు అదృష్టం.

పెద్దలను అడిగి ఇటువంటి మాటలు సేకరించదలచినవారు ‘ఈ మాటకు అర్థం ఏమిటండీ’ అని అడగకపోవడం మంచిది. అర్థం అడిగితే ఎదుటివారు మరో మాట చెబుతారు, లేదా మనకు తెలియదేమోనని సులువైన పుస్తకం మాట వెతుకుతారు. ‘తాతా, ఇది తీసేస్తే ఏమవుతుంది’, ‘అమ్మమ్మా, దీన్ని దేనికి కడతారు’, ‘ఈ పని చేస్తూ చూపిస్తారా’ అని అడగాలి. చేతులు కదిలినప్పుడు వచ్చే మాటలే అసలైనవి. చెప్పినవారి ఊరు, కులవృత్తి లేదా చేసిన పని, వారు చూపించిన వస్తువు కొలత రాసుకోవాలి. 1962లో భద్రిరాజు కృష్ణమూర్తి సంపాదకత్వంలో వ్యవసాయ పదాలతో మొదలైన మాండలిక వృత్తిపదకోశం ప్రాంతాల వారీగా మాటలను సేకరించింది. ఒకే వస్తువుకు పక్క జిల్లాలో మరో పేరు ఉండడం తప్పు కాదనీ, రెంటినీ రాసుకోవాలనీ దాన్ని తిరగేస్తే తెలుస్తుంది.

మిగిలింది అనువాదం. ఇంగ్లీషులో బీమ్ అనే ఒక్క మాట ఇంటి కప్పులో దూలం, తక్కెడకు దండె, బండికి నొగ, వెలుగుకు కిరణపుంజం. టార్చిలైటు నుంచి దూలం బయటికి వచ్చినట్టు రాసిన అనువాదాలు ఉండవు కానీ, తక్కెడకు దూలం తగిలించినవి కనిపిస్తాయి. బట్టలు ఆరవేసే దండెం, నమస్కారం చేసే దండం, మెడలో వేసే దండ పక్కపక్కన పెట్టి చూసుకుంటే దండెతో పొరపాటు రాదు. సపోర్ట్ అన్న చోటల్లా ‘మద్దతు’ అనడం అలవాటైపోయింది. మద్దతు అభిప్రాయానికి ఇచ్చేది. గోడకు ఇచ్చేది దన్ను, కొమ్మకు ఇచ్చేది ఊత, అనాథకు ఇచ్చేది ఆసరా, పిల్లవాడి వెనక నిలబడేది అండ. ట్విస్ట్ మరీ ఇబ్బంది పెడుతుంది. కథలో అయితే మలుపు, తాడులో అయితే పురి, షరతులో అయితే మెలిక, చీలమండకు అయితే బెణుకు, తడిబట్టకు అయితే పిండడం, ఎదుటివాడి మాటకు అయితే వక్రీకరణ. వీటిలో ఏదీ తట్టనప్పుడు మళ్లీ వస్తువు దగ్గరికే తిరిగి వెళ్లి, తిరుగుతున్నది ఏది, దాని రెండో కొసను పట్టుకుని ఉన్నది ఏది అని చూడాలి. రెండో కొస కదలకుండా ఉంటే మెలి, రెండు కొసలూ ఎదురెదురుగా తిరిగితే పురి, అసలు కొసే లేకుండా తన చుట్టూ తాను తిరుగుతుంటే సుడి.